ఒడ్డున చెప్పులు

"మేము సముద్రానికి వెళ్తాం" అంది పిచ్చుక. నాతోనే అంది. నా చేతి ముద్ద నోట్లో పెట్టించుకుంటూ, నా కళ్ళలోకి చూస్తూ అంది. మనం కాదు, మేము. మనం అంటే నువ్వూ నేనూ కలిసి. మేము అంటే నువ్వు కాక మిగతావాళ్ళం. ఈ తేడా ఏ పిల్లా బళ్ళో నేర్చుకోదు, ఉగ్గుపాలతో వచ్చేస్తుంది. నడక రాని పిల్ల కూడా మనం పోదాం అని చంకెక్కుతుంది గానీ మేము పోతాం అని ఎక్కదు. ముద్ద మింగి, నీళ్ళు తాగి, మూతి నా తెల్లకోటుకే తుడుచుకుని, రంగు పెన్సిళ్ళు తీసుకుని అద్దం గదిలోకి పరుగెత్తింది నా కూతురు. డాక్టరుగారు భోజనానికి వెళ్ళారు. బయట రిసెప్షన్ అక్క డబ్బా మూత తీసింది, గిన్నె బల్ల మీద పెట్టింది, కుర్చీ ముందుకు జరుపుకుంది. చూడక్కర్లేదు, నాకు అన్నీ చెవుల్తోనే తెలుస్తాయి. హోటల్ వాళ్ళు గదిని భోజనాల వేళ దాటేవరకే ఆపుతామన్నారు. సెలవుల రద్దీ మేడమ్, ఆపైన మా చేతుల్లో ఉండదు, ఎంతమందో చెప్పండి చాలు అంది ఫోన్లో ఆడగొంతు. ఎంతమందో చెప్పడమే కదా. ముగ్గురం అనాలి. పొద్దుట్నుంచీ ఆ మాట గొంతు దాకా వచ్చి, చేపముల్లులా అడ్డం పడుతోంది.

అద్దం గది అంటే వినికిడి పరీక్ష చేసే గది. గదిలో గది. బీరువా అంత మందం తలుపు, గోడల నిండా కోడిగుడ్ల అట్టలా ఎత్తుపల్లాల స్పాంజి, పరీక్షకి వచ్చినవాళ్ళకి ఒక కుర్చీ, తోడు వచ్చినవాళ్ళకి ఎదురుగా ఇంకో కుర్చీ. లోపల కూర్చున్నవాళ్ళు చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, చేత్తో బటన్ పట్టుకుంటారు. ఇవతల మెషీన్ ముందు కూర్చుని నేను కూతలు వదులుతాను. వినిపిస్తే నొక్కుతారు, నా మెషీన్ మీద పచ్చదీపం వెలుగుతుంది. ఎంత సన్నగా వినిపించినా నొక్కండి అని చెప్పడం నా ఉద్యోగంలో సగం. వినిపించకపోయినా నొక్కేవాళ్ళని పట్టుకోవడం మిగతా సగం. పొద్దున్న ఇంకెవరూ రాకముందే, ఆట అని చెప్పి పిచ్చుకని ఆ కుర్చీలో కూర్చోబెట్టాను. ఆట కాదు. దీని చెవిలో ఏదైనా లోపం ఉంటే బాగుండునని కూర్చోబెట్టాను. ఏ తల్లైనా అలా కోరుకుంటుందా? నేను కోరుకున్నాను. మనం, మేము, రెండూ ఒక్కలాగే మొదలవుతాయి, మధ్యలో ఆ చిన్న 'న' వినిపించక జారిపోతోందేమో, పాపం పిల్ల ఒకటనుకుని ఇంకొకటి అంటోందేమో, ఒక చిన్న యంత్రం తగిలిస్తే పోయేదానికి నేను ఇంత వణుకుతున్నానేమో. కూత వదిలాను. దీపం వెలిగింది. ఇంకా సన్నగా వదిలాను. వెలిగింది. మెషీన్ చేయగలిగినంత సన్నటి కూతకి కూడా వెలిగింది. చీమ తుమ్మినా వినే చెవులు నా కూతురివి. అది ఏమంటోందో దానికి తెలుసు.

సరే, ప్రయాణం గురించి ఆలోచించు. మొదటి రోజు రైలు దిగి, గదిలో పెట్టెలు పడేసి, సాయంత్రం కడలి పక్కన రాళ్ళబాట మీద నడక, చివర్న లైట్‌హౌస్. రెండో రోజు పొద్దున్నే నీళ్ళు, మధ్యాహ్నం పడవ మీద ఆ బోలు కొండ దాకా, కొండ మధ్యలో కన్నం ఉంటుందట, పడవ అందులోంచి దూరి వెళ్తుందట. మూడో రోజు చేపల అద్దాల మందిరం, బొమ్మరైలు. నాలుగో రోజు ఏమీ పెట్టుకోకూడదు, ఊరికే ఇసుకలో పడి ఉండాలి. ఈ పథకం ఇప్పటిది కాదు, నిరుడు అమ్మ వేసింది. ఆ ఊరి మ్యాపు కాగితం ఇదిగో మెషీన్ మీదే ఉంది, అమ్మ దాన్ని మడిచి విప్పి, మడిచి విప్పి, లైట్‌హౌస్ ఉన్నచోట చిరిగిపోయింది. వయసంతా నూలు మిల్లులో గడిపిన మనిషి సముద్రం చూడలేదు. "సముద్రం మా మిల్లు లాగే మోగుతుందంటగా, ఆపకుండా?" అని అడిగేది. మిల్లు ఆవిడ చెవుల్లోంచి సన్నటి శబ్దాలన్నీ ఏరుకుపోయింది, పిట్టలు పోయాయి, కుక్కర్ కూత పోయింది, సెల్‌ఫోన్ పోయింది, బరువైనవి మాత్రం మిగిలాయి. "సముద్రం నాకు వినిపిస్తుందే, అది బరువైన చప్పుడు కదా" అనేది. పరీక్షకి కూర్చోబెడితే నేను కూత వదలకుండానే బటన్ నొక్కేది. దీపం వెలిగేది. ఏంటమ్మా, ఏం వినిపించిందని నొక్కావు అంటే, "ఏమీ లేదే, నువ్వక్కడ అంత శ్రమపడుతున్నావు కదా, పాపం అని" అనేది. నేను నవ్వి, మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టేదాన్ని.

అమ్మా పిచ్చుకా ఆ మ్యాపు పరుచుకుని నేల మీద బోర్లా పడుకునేవాళ్ళు. "మనిద్దరం నడుందాకా నీళ్ళలో నిలబడదామే. నీ చెయ్యి నేను పట్టుకుంటా, నా చెయ్యి నువ్వు పట్టుకో, ఎవరు ముందు వదిలితే వాళ్ళు ఓడినట్టు" అంది అమ్మ ఒకరోజు. నేను గిన్నెలు కడుగుతూ వింటున్నాను. అప్పుడే పిచ్చుక, అమ్మమ్మకి వినిపించాలని గొంతు చించుకుని, "అమ్మమ్మా, మేము సముద్రానికి వెళ్తాం" అంది. అమ్మ దాని వీపు మీద ఒక్కటి చరిచింది. "మేము ఏంటే దొంగపిల్లా, నన్నొదిలేసి పోతావా? మనం అను." పిచ్చుక అనలేదు. కాసేపు అమ్మమ్మ మొహంలోకి చూసి, "నువ్వు తర్వాత వస్తావులే" అంది. మేమందరం నవ్వాం. అమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది, సరిగ్గా వినిపించి ఉండదు. ఇంకో నాలుగు వారాలు కూడా నవ్వలేదు. ఒక మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చింది. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి గదిలోంచి సన్నగా కూత వస్తోంది, ఆపకుండా. వినికిడి యంత్రం దిండు కింద నలిగితే అలాగే కూస్తుంది. అమ్మ లేచి దిండు సర్దుకుంటోంది కాబోలు అనుకున్నాను. అమ్మ ఇంక లేవలేదు. ఆ కూత అమ్మ ఎప్పటికీ వినలేనంత సన్నటి కూత. అది ఎంతసేపట్నుంచి కూస్తోందో ఎవరికీ తెలియదు. ప్రయాణం మానుకున్నాం. హోటల్‌కి ఫోన్ చేసి, రావట్లేదండీ అన్నాను, కారణం అడిగితే మా ఇంట్లో ఒకరు తగ్గారు అన్నాను, ఎందుకలా అన్నానో నాకే తెలియదు.

ఒక్కసారైతే ఊరుకునేదాన్ని. తర్వాత బడి వ్యాను. డ్రైవరుతో పిచ్చుకకి జోడు పాటలు, రోజూ ఆయన ఒక చరణం, ఇది ఒక చరణం. ఒక సాయంత్రం వ్యాను దిగుతూ, "అంకుల్, రేపు మేము కొత్త పాట పాడుకుంటాం" అంది. మర్నాడు వ్యానులో ఇంకో మనిషి. పాత డ్రైవరు మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడట. మా ఆయనకి చెప్తే, "తుంటి విరిగితే విరిగింది, దానికీ పిల్ల నోటికీ ఏంటి సంబంధం?" అన్నాడు. సంబంధం ఉందో లేదో తెలియక కదా చెప్తున్నాను అంటే, "పిల్లకి వ్యాకరణం రాకపోతే జోస్యం వచ్చినట్టేనా తల్లీ?" అని దుప్పటి కప్పుకున్నాడు. ఆయన మాటా నిజమే. నాకు తెలుసు, ఈ కుర్చీలో కూర్చునే నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. ఎదురుచూసే చెవికి లేని శబ్దం వినిపిస్తుంది. ఇప్పుడు కూత వస్తుంది, ఇప్పుడు వస్తుంది అని కాచుకుని కూర్చున్నవాళ్ళు, ఏమీ రాకపోయినా నొక్కుతారు. అబద్ధమాడరు. వాళ్ళకి నిజంగానే వినిపిస్తుంది. నేను కూడా అలా కాచుకుని కూర్చున్నానేమో, పిల్ల మనం అన్నా నాకు మేము అనే వినిపిస్తోందేమో. కానీ ఇప్పుడు ముద్ద పెడుతున్నప్పుడు దాని పెదాలు చూశాను కదా. చెవిటివాళ్ళ మధ్య బతికిన దాన్ని, పెదాలు చదవడం నాకు చెవుల కంటే బాగా వచ్చు.

అద్దంలోంచి చూస్తే పిచ్చుక పరీక్ష కుర్చీలో కాళ్ళు మడిచి కూర్చుని బొమ్మ గీస్తోంది. పక్కన కొక్కేనికి బటన్ వేలాడుతోంది. ఊరికని సర్దిన సంచి గుర్తొచ్చింది, అందులో ఇసుకలో నడవడానికని నిన్న ముగ్గురికీ కొన్న రబ్బరు చెప్పులు, దానివి ఎర్రవి, మా ఆయనవి నల్లవి, నావి నీలం. నావి ఎవరేసుకుంటారు. ఛీ, ఏం ఆలోచనలివి. నేను మెషీన్ హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాను, లోపలి మైకులోంచి పిల్ల గొంతు వినిపిస్తుంది. నాకు అలవాటే, అది ఆడుకుంటుంటే ఇలా దొంగతనంగా వింటూ అన్నం తింటాను. మొదట పెన్సిలు గీసుకునే బరబర. ఆ గదిలో నిశ్శబ్దం మామూలు నిశ్శబ్దం కాదు, అందులో కూర్చుంటే ఎవరి నెత్తురు వాళ్ళకే హోరుమని వినిపిస్తుంది. శంఖం చెవి దగ్గర పెట్టుకుంటే వచ్చే సముద్రం ఉంది చూడండి, అది అదే. పెన్సిలు ఆగింది. "మనం పొద్దున్నే పోదాం" అంది పిచ్చుక. మనం. నా ప్రాణం లేచొచ్చింది, అద్దం మీద కొట్టి, ఏదీ మళ్ళీ అను అందామనుకున్నాను. అది నా వైపు చూడటం లేదు. తల వంచుకుని కాగితంతో మాట్లాడుతోంది. "ఊఁ" అంది. కాసేపు ఊరుకుంది. "సరే, గట్టిగా పట్టుకుంటాలే" అంది. బొమ్మలాట ఆడేటప్పుడు ఎదుటివాళ్ళ మాటలు కూడా ఇదే మాట్లాడుతుంది, గొంతు లావు చేసి, ముక్కుతో, రకరకాలుగా. ఈసారి గొంతు మార్చలేదు. ఎదుటివాళ్ళ వంతు వచ్చినప్పుడల్లా ఖాళీగా వదిలేసింది. ఖాళీ వదిలి, విని, తలూపింది.

"ఏంటమ్మా, మెషీన్‌ని బతిమాలుకుంటున్నావా?" అంటూ అక్క వచ్చింది, చేతిలో సగం తిన్న అరటిపండు. హెడ్‌ఫోన్లు తీశాను. "మీ అమ్మాయి మామూలుది కాదు సుమా. ఇందాక నువ్వు చెయ్యి కడుక్కోడానికి వెళ్ళినప్పుడు, పాపం ఒక్కతే ఉందని లోపలికెళ్ళి ఎదురు కుర్చీలో కూర్చోబోయాను. లే లే అని చెయ్యి పట్టి లాగేసింది. నేనీ ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ నన్ను కూర్చోవద్దన్నవాళ్ళు ఇద్దరే. ఒకరు డాక్టరుగారు, రెండోది నీ కూతురు." ఆటలక్కా, అన్నాను. "ఆటలే. ఏం తినవే? డబ్బా అలాగే ఉంది. ఊరికెళ్ళేటప్పుడు కడుపు మాడ్చుకుంటే అక్కడ అలలు ఎత్తుకుపోతాయి, బరువుండాలి మనిషన్నాక." నవ్వుతూ వెళ్ళిపోయింది. అలలు ఎత్తుకుపోతాయి. అందరి నోటా అదే. రెండో రోజు పొద్దున నీళ్ళు, మధ్యాహ్నం పడవ, ఆ కన్నంలోంచి దూరే పడవ, రాళ్ళబాట మీద పాకుడు, లైట్‌హౌస్ మెట్లు, మెట్ల మీద జారి తుంటి. నాలుగు రోజుల పథకంలో నన్ను మింగడానికి ఎన్ని నోళ్ళున్నాయో ఒక్కొక్కటే కనిపిస్తోంది. పిల్ల వట్టి మాట అన్లేదు, నేను ఉండని చోటు చూసి చెప్పింది. నేను ఉండని చోటు. ఉండకపోవడానికి చావక్కర్లేదు కదా. ఎంత తేలిక. పిచ్చిదాన్ని, ఇంతసేపూ ఎందుకు తట్టలేదు? నేను వెళ్ళకపోతే సరి. అప్పుడది మేము అన్నా తప్పు లేదు. వాళ్ళు వెళ్తారు, నేను ఇంట్లో ఉంటాను, మాట నిజమవుతుంది, ఎవరికీ ఏమీ కాదు. పాము చావదు, కర్ర విరగదు.

మెషీన్ మీద లోపలికి వినిపించే మైకు మీట కిందకి ఉందో లేదో చూసుకున్నాను. ఉంది. పిల్లకి ఇవతలి మాటలు వినపడవు. మా ఆయనకి ఫోన్ చేశాను. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు, ఫోనెత్తితే గోతిలోంచి మాట్లాడినట్టే ఉంటుంది, నిజంగా గోతిలోనే ఉంటాడు కాబట్టి.

"ఏమండీ, నేను రావట్లేదు."

"ఎక్కడికి?"

"సముద్రానికి. డాక్టరుగారు సెలవు కుదరదన్నారు. మీరూ పిచ్చుకా వెళ్ళిరండి."

అవతల గొలుసు చప్పుడు ఆగింది. "లిఫ్టు నెత్తిన నిలబడి ఉన్నానే, పడేసే మాటలు చెప్పకు. నిన్ననే కదా చెప్పులు కొన్నావు?"

"కొన్నాను. సెలవు లేదు."

"నీ మొహం సెలవు. మళ్ళీ ఆ మనం, మేమేనా?"

"కాదండీ."

"నాకు తెలియదా! సరే, మరి నీళ్ళలోకి ఎవరు దిగుతారు? నా సంగతి తెలుసు కదా."

తెలుసు. పాతిక అంతస్తుల గోతిలో తాడు పట్టుకుని వేలాడతాడు, బకెట్లో నీళ్ళు చూసి దణ్ణం పెడతాడు. చిన్నప్పుడు చెరువులో మునిగి తేలిన మనిషి.

"మీరు దిగొద్దు. పాదాలు తడుపుకుని వచ్చేయమనండి దాన్ని."

"అది ఆగే రకమా? అచ్చం మీ అమ్మ పోలిక. సర్లే, నేను ఒడ్డున కూర్చుని చెప్పులు కాపలా కాస్తాను. నీకు పైత్యం తగ్గాక చెప్పు" అని పెట్టేశాడు. ఆయనకి కోపం వచ్చింది, వచ్చినా కాదనలేదు. వెంటనే, మనసు మారకముందే, హోటల్‌కి చేశాను. "ఎంతమంది మేడమ్? మీరిద్దరేనా?" అంది ఆ అమ్మాయి. "ఇద్దరం కాదు. ఇద్దరు" అన్నాను. చివర ఒక్క సున్నా తీసేశాను, అంతే, ప్రాణాలతో బయటపడ్డాను. ఊపిరి కడుపు నిండా లోపలికెళ్ళింది. అన్నం మెతుకు నోట్లో పెట్టుకుంటే రుచి తెలిసింది. నాలుగు రోజులు ఇల్లంతా నాదే. కిటికీలు తుడుస్తాను, అమ్మ గదిలో అలాగే ఉండిపోయిన బట్టలు సర్దుతాను, ఆ వినికిడి యంత్రం సొరుగులోంచి తీసి ఎవరికైనా ఇచ్చేస్తాను. సొరుగులో పెట్టినప్పుడు బ్యాటరీ తీశానా లేదా? తీసే ఉంటాను.

ఇంక పిల్లకి చెప్పడమే మిగిలింది. ఏడుస్తుంది, ఏడ్చినా కాసేపే. హెడ్‌ఫోన్లు ఒక చెవికి ఆనించుకుని, మీట పైకెత్తి, మైకులో, "పిచ్చుకా, నేను రావట్లేదే. నువ్వూ నాన్నా వెళ్ళిరండి, ఏం?" అన్నాను. పరీక్షకి వచ్చినవాళ్ళతో మాట్లాడే గొంతు వచ్చింది, మెత్తగా, పొడిగా. అది తలెత్తి అద్దంలోంచి నన్ను చూసింది. ఏడవలేదు.

"తెలుసు" అంది. "అందుకేగా మేము అన్నా."

చూశావా, అనుకున్నాను. ఇంతే, ఇంత సులువు. ఎందుకడిగానో, గెలిచిన ధైర్యంతో అడిగాను, పిల్ల నోటి వెంట నేనూ నాన్నా అన్న మాట వింటే తాళం పడిపోతుందని అడిగాను. "మేము అంటే ఎవరెవరే?"

"నేను, అమ్మమ్మ."

బయట రోడ్డు మీద ఎవరిదో స్కూటరు స్టార్టవక గింజుకుంటోంది. అక్క చిన్నగా పాడుకుంటోంది. నాకు అన్నీ వినిపిస్తున్నాయి, ఒక్కొక్కటీ దూరంగా జరుగుతూ వినిపిస్తున్నాయి. "నాన్న?" అన్నాను. నా గొంతు నాకే అద్దం అవతల్నుంచి వచ్చినట్టుంది.

"నాన్న నీళ్ళలోకి రాడుగా. ఒడ్డున కూర్చుని చెప్పులు చూసుకుంటాడు."

ఆయన ఫోన్లో ఆ మాట అన్నప్పుడు మీట కిందకే ఉంది. నేను చూసుకున్నాను. చూసుకునే ఫోన్ చేశాను. బీరువా అంత మందం తలుపు. "ఎవరి చెప్పులే?"

"నావి. అమ్మమ్మ చెప్పులేసుకోదు."

ఎంత మూర్ఖురాలిని. ఇన్నాళ్ళూ ఆ మాట బయట నిలబడి, గుమ్మం బయట ఎవరున్నారో వాళ్ళనే లెక్కపెట్టుకున్నాను. అమ్మ బయట, డ్రైవరు బయట, ఇప్పుడు నేను బయట, అయ్యో నేను బయట అని నా ప్రాణం కోసం ఏడ్చాను. తలుపు తీసి లోపల ఎవరున్నారో ఒక్కసారి అడగలేదు. నువ్వు తర్వాత వస్తావులే అంది నిరుడు అమ్మమ్మతో. తర్వాత అంటే ఇప్పుడు. రెండో రోజు పొద్దున్నే, ఇసుకలో ఎర్రచెప్పులు ఒక జత, పక్కన మా ఆయన, నీళ్ళకి వీపు చేసుకుని కూర్చుంటాడు, అలవాటు, నీళ్ళవైపు చూడలేడు. నడుందాకా. నీ చెయ్యి నేను పట్టుకుంటా, నా చెయ్యి నువ్వు పట్టుకో. ఇద్దరు, అన్నాను నేను ఫోన్లో. సున్నా తీసేసి మరీ చెప్పాను. నీళ్ళలో దాని పక్కన ఉండాల్సిన ఒక్క మనిషినీ నేనే, నా చేత్తోనే తీసేశాను. పిల్ల జోస్యం చెప్పలేదు. పక్కన చోటు ఖాళీగా ఉందని చెప్పింది. ఖాళీ ఉంటే ఎవరో ఒకరు కూర్చుంటారు.

తలుపు లాగాను. లోపలికి అడుగుపెట్టగానే బయటి లోకం తెగిపోయింది, నా నెత్తురు హోరు మొదలైంది, ఆగకుండా, మిల్లులా. ఎదురు కుర్చీ వైపు చూడలేదు. చూడకుండానే తెలుస్తోంది, ఖాళీ గదిలో మాట ఒకలా మోగుతుంది, మనుషులున్న గదిలో ఒకలా మోగుతుంది, నా ఉద్యోగమే అది. పిచ్చుక ముందు మోకాళ్ళ మీద కూర్చుని దాని రెండు చేతులూ పట్టుకున్నాను. రంగు అంటిన చిన్న వేళ్ళు, చల్లగా ఉన్నాయి. "నేనూ వస్తున్నానే" అన్నాను. "నీళ్ళలోకి. నీ చెయ్యి నేనే పట్టుకుంటా."

"అమ్మమ్మ పట్టుకుంటానంది. ముందే అంది."

"అమ్మమ్మ రాదు."

"వస్తానంది" అని ఎదురు కుర్చీ వైపు చూసింది, తల పక్కకి వంచి, కూత కోసం ఆగినట్టు.

అప్పుడు నేనూ చూశాను. కుర్చీ. నీలం రంగు రెక్సిను సీటు, అంచున చిన్న చిరుగు. అంతే ఉంది. సన్నగా మాట్లాడితే అమ్మకి వినపడదు, గొంతు అడుగునుంచి, బరువుగా మాట్లాడాలి, ఇల్లంతా నా మీద నవ్వేవాళ్ళు మగాడిలా మాట్లాడుతున్నావని. ఇన్నాళ్ళ తర్వాత ఆ గొంతు తీశాను. "అమ్మా, ఇది నా పిల్ల. దీని చెయ్యి నాది. నువ్వు చూడాలనుకున్న సముద్రం నేను చూసి వస్తా. దీన్ని మాత్రం ఇవ్వను." స్పాంజి గోడలు ఆ మాటల్ని పీల్చేసుకున్నాయి, ప్రతిధ్వని లేదు, చెప్పానా లేదా అని నాకే అనుమానమొచ్చేంతగా పీల్చేశాయి. పిచ్చుక కాసేపు కుర్చీని విన్నది. తర్వాత నన్ను చూసింది. తర్వాత కాగితం మడిచి, కుర్చీ దిగి, నా వేలు పట్టుకుని, వెళ్ళేటప్పుడు పెద్దవాళ్ళకి చెప్పాల్సినట్టే చెప్పింది.

"అమ్మమ్మా, మరి మేము వెళ్ళొస్తాం."

మేము. ఈ మాట ఇంత తియ్యగా ఉంటుందని నాకు తెలియదు. నేనూ, అదీ. కుర్చీ కాదు. దాన్ని ఎత్తుకుని బయటికొచ్చి, బరువైన తలుపు వీపుతో నెట్టి మూసేశాను. ఒక చేత్తో దాన్ని వదలకుండానే హోటల్‌కి చేశాను. "ముగ్గురం" అన్నాను, సున్నా గట్టిగా పలికి. "మార్చేశాను మేడమ్, ముగ్గురు" అంది ఆ అమ్మాయి. డాక్టరుగారి బండి చప్పుడు గేటు దగ్గర వినిపించింది. మధ్యాహ్నం మొదటి మనిషి బయట దగ్గుతున్నాడు. పిచ్చుక నా భుజం మీద మొహం పెట్టి, మనం పడవ ఎప్పుడు ఎక్కుతాం అని అడుగుతోంది, మనం అని, రెండో రోజే తల్లీ, మనం రెండో రోజే ఎక్కుతాం అంటున్నాను. మెషీన్ ఆపుదామని చెయ్యి చాపాను. కూత ఏదీ నేను వదల్లేదు. అద్దం అవతల బటన్ కొక్కేనికి వేలాడుతోంది, కొంచెం ఊగుతోంది, తలుపు వేసిన విసురుకే అయ్యుండాలి. పచ్చదీపం వెలిగింది. ఒక్కసారే వెలిగి, ఆరింది. అమ్మకి వినిపించిందో, లేక పాపం, నేను శ్రమపడుతున్నానని నొక్కిందో.